రీసెర్చ్ పేపర్ ఇంట్రడక్షన్ ఎలా రాయాలి?

ప్రశ్న: అందరికీ నమస్తే. పీహెచ్‌డీ రెండో ఏడు, నల్గొండ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ మీద మొదటి పేపర్ రాస్తున్నా. నాలుగు పేజీల ఇంట్రడక్షన్ చూసి గైడ్ గారు ఇది పాఠంలా ఉందమ్మా అని తిరిగిచ్చేశారు, ఏం తప్పో అర్థం కావట్లేదు.

జవాబు 1: పరిశోధన రచనల మీద పనిచేసిన భాషావేత్త జాన్ స్వేల్స్ 1990లో చెప్పిన మోడల్ ఒకటుంది, నన్ను బయటపడేసింది అదే. ముందు ఈ విషయం ఎందుకు ముఖ్యమో చెప్పాలి, తర్వాత ఇప్పటిదాకా జరిగిన పనిలో ఖాళీ ఎక్కడుందో చూపించాలి, ఆ ఖాళీలోకి మీ పని రావాలి. రెండోదే ప్రాణం, సాధారణంగా "అయితే" అన్న మాటతో మొదలవుతుంది. మీ నాలుగు పేజీల్లో ఆ "అయితే" ఎక్కడుందో వెతకండి.

జవాబు 2: పేపర్ చివర్లో ఫలితాల గురించి చర్చించే డిస్కషన్ భాగం దీనికి రివర్స్ అండీ, మీ రిజల్ట్‌తో మొదలై పెద్ద విషయం వైపు వెళ్తుంది. ఆఫీసు రిపోర్ట్ అయితే వేరే, పై ఆఫీసర్‌కి టైమ్ ఉండదు కాబట్టి ఏం చేయాలో మొదటి పేరాలోనే చెప్పేయాలి.

ప్రశ్న అడిగినవారు: వెతికానండీ, మూడో పేజీ చివర్లో ఉంది! దానికి ముందు పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే నల్గొండ టెక్నిక్ చరిత్రే రెండు పేజీలు రాశా. ఇవాళే దాన్ని ఒక పేరాకి తెస్తా, చాలా థ్యాంక్స్.