3′ యూటీఆర్ కురచైతే ప్రొటీన్ పెరుగుతుందా? నాకు మార్కు కోశారు, మీరే చెప్పండి

పెన్నాగట్టు, అనంతపురం:
ఎమ్మెస్సీ బయోటెక్ రెండో ఏడాది, పక్కన నెట్ కోచింగ్. ఆదివారం టెస్టులో ఒప్పా తప్పా ప్రశ్న వచ్చింది: ‘3′ యూటీఆర్ కురచైతే ఆ ఎంఆర్‌ఎన్‌ఏ నుంచి ప్రొటీన్ ఎక్కువగా తయారవుతుంది.’ తప్పు అని పెట్టాను. మార్కు పోయింది. సార్‌ని అడిగితే 2008లో సైన్స్ పత్రికలో వచ్చిన పేపర్ చూడమన్నారు. చూశాను. రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాల్లో ఒక రకమైన టీ కణాలను ఉసిగొల్పితే వాటి ఎంఆర్‌ఎన్‌ఏల్లో చాలావాటికి 3′ యూటీఆర్ కురచవుతుందట, ప్రొటీన్ తయారీని తగ్గించే బుల్లి ఆర్‌ఎన్‌ఏలు, అంటే మైక్రోఆర్‌ఎన్‌ఏలు, పట్టుకునే చోట్లు తెగిన ముక్కతోపాటే పోతాయట. బాగానే ఉంది. కానీ 2014లో టీ కణాల్లోనే ప్రొటీన్‌ను కొలిచి చూసినవాళ్లు, ఈ కురచదనం వల్ల ప్రొటీన్ మోతాదులో వచ్చే తేడా తక్కువే అని తేల్చారు. మరి నా జవాబు తప్పెలా అవుతుంది?

బయోటెక్ కాని వాళ్లకు: ఎంఆర్‌ఎన్‌ఏ అంటే జన్యువులోని రాతకు నకలు. దాని నడిమి భాగాన్నే చదివి, కణంలో రైబోజోమ్ అనే యంత్రంలాంటిది ప్రొటీన్ తయారుచేస్తుంది. ముందూ వెనకా మిగిలేవే యూటీఆర్‌లు. ముందుది 5′, వెనకది 3′.

బురుజునీడ, కర్నూలు:
తమ్ముడూ, సార్ తప్పేం లేదు. మైక్రోఆర్‌ఎన్‌ఏ కథ మొదలైందే 3′ యూటీఆర్ దగ్గర. 1993లో ఆంబ్రోస్, రవ్‌కన్ బృందాలు సీ. ఎలిగాన్స్ అనే సన్న పురుగులో చూసిందేమిటి? లిన్-4 అనే బుల్లి ఆర్‌ఎన్‌ఏ పోయి లిన్-14 ఎంఆర్‌ఎన్‌ఏ 3′ యూటీఆర్‌కు అతుక్కుంటుంది, ఆ ప్రొటీన్ తగ్గిపోతుంది. ఆ ఇద్దరికీ 2024లో నోబెల్ వచ్చింది. అతుక్కునే చోటే పోతే ఇక ఆపేదెవరు? 2009లో క్యాన్సర్ కణాల్లోనూ కురచ రూపాలు ఎక్కువ ప్రొటీన్ ఇస్తాయని చూపించారు. పరీక్షలో ‘సాధారణంగా’ అనుకుని రాయాలి. అది పీహెచ్‌డీ వైవా కాదు.

గొర్రెలడాక్టర్, కళ్యాణదుర్గం:
పశువుల డాక్టర్ని, మీ నెట్ సంగతి నాకు తెలీదు. కానీ పొడవు పొడవు అంటున్నారే, అసలు విషయం పొడవులో ఉందా? టెక్సెల్ అని నెదర్లాండ్స్ గొర్రె జాతి ఒకటుంది. మన సంతలో పొట్టేలు కొనేవాడు నడుము మీద బొటనవేలు పెట్టి నొక్కుతాడు కదా, ఎముక తగిలితే బేరం దించుతాడు. టెక్సెల్‌ను అలా నొక్కితే ఎముక అంత సులువుగా దొరకదు, అంత కండ.

కారణం 2006లో తేలింది. కండ మరీ పెరగకుండా కళ్లెం వేసే ప్రొటీన్ మయోస్టాటిన్. ఈ గొర్రెల్లో ఆ జన్యువు 3′ యూటీఆర్‌లో ఒకే ఒక్క అక్షరం మారింది, జీ ఉండాల్సిన చోట ఏ. దాంతో కండరాల్లో దండిగా ఉండే రెండు మైక్రోఆర్‌ఎన్‌ఏలకు అతుక్కునే చోటు కొత్తగా పుట్టింది. మయోస్టాటిన్ తగ్గింది, కండ పెరిగింది. ఈ మార్పుతో ప్రొటీన్‌లో ఒక్క అమైనో ఆమ్లం మారలేదు, యూటీఆర్ పొడవూ మారలేదు. (మన గొర్రెలకూ అలా చేద్దామా అని అడగొద్దు. ఈ ఎండలో, ఈ మేతతో ఆ కండను ఎవరు సాకుతారు?)

పెన్నాగట్టు:
డాక్టర్ గారూ, నేననేదీ అదే! ఎంత పొడవని కాదు, అందులో ఏముందని చూడాలి.

బురుజునీడ:
చోటు పుడితే ప్రొటీన్ తగ్గిందంటే, చోటు పోతే పెరుగుతుందనేగా? డాక్టర్ గారు నా వైపే.

ల్యాబ్అక్క, కడప:
ఇద్దరూ 3′ యూటీఆర్ అంటే కళ్లెమే అనుకుని కొట్లాడుతున్నారు. రోజూ ఫెర్రిటిన్ టెస్టులు చేసేదాన్ని, ఐరన్ సంగతే చెప్తా. కణంలో ఐరన్ తగ్గితే ఐఆర్‌పీ అనే ప్రొటీన్ రెండు చోట్ల కూర్చుంటుంది. ఐరన్‌ను దాచేది ఫెర్రిటిన్. దాని ఎంఆర్‌ఎన్‌ఏ 5′ యూటీఆర్‌లో జడపిన్నులాంటి మడత ఉంటుంది. ఐఆర్‌పీ దానిమీద కూర్చుంటే రైబోజోమ్‌కు దారి ఉండదు, ఫెర్రిటిన్ తయారు కాదు. గింజలే లేనప్పుడు గాదె ఎందుకు? ఐరన్‌ను కణంలోకి తెచ్చే ట్రాన్స్‌ఫెరిన్ రిసెప్టర్‌కు అలాంటి మడతలే ఐదు, 3′ యూటీఆర్‌లో ఉంటాయి. అక్కడ అదే ఐఆర్‌పీ కూర్చుంటే ఎంఆర్‌ఎన్‌ఏ ముక్కలు కాకుండా నిలుస్తుంది, రిసెప్టర్ పెరుగుతుంది. అంటే 3′ యూటీఆర్ కాపాడుతుంది కూడా.

ఆ 5′ మడత పుట్టుకతోనే చెడితే, ఐరన్ మామూలుగా ఉన్నా ఫెర్రిటిన్ రిపోర్టు బాగా ఎక్కువ వస్తుంది, చిన్న వయసులోనే కంట్లో శుక్లాలు రావచ్చు.

ఇంకోటి. మీరు చెప్పే రుజువుల్లో చాలావరకు వెలుగు పుట్టించే లూసిఫెరేజ్ లాంటి జన్యువుకు యూటీఆర్‌ను అతికించి వెలుగు కొలిచినవి. క్యాన్సర్‌ను అడ్డుకునే పీ53 ప్రొటీన్ జన్యువు 3′ యూటీఆర్ మీద అలాంటివి బోలెడు చేశారు, అది ప్రొటీన్ మోతాదును అదుపు చేస్తుందన్నారు. 2021లో ఎలుకలో ఆ జన్యువు సొంత చోటులోనే 3′ యూటీఆర్‌ను చాలామటుకు కోసేసి చూస్తే పీ53 మోతాదు మారలేదు.

బురుజునీడ:
అక్కా, పీ53 సంగతి ఒప్పుకుంటా. మరి ఒంట్లో వాపు రేపే ప్రొటీన్ టీఎన్‌ఎఫ్? 1999లో ఎలుక సొంత జన్యువులోనే, 3′ యూటీఆర్‌లో ఏ, యూ అక్షరాలు గుంపుగా ఉండే ముక్కను తీసేశారు. టీఎన్‌ఎఫ్ అదుపు తప్పి ఎలుకలకు కీళ్లవాపు, పేగువాపు వచ్చాయి. లూసిఫెరేజ్ ఊసే లేదు అక్కడ.

ల్యాబ్అక్క:
నిజమే. అందుకే జన్యువు పేరు చెప్పకుండా అడిగితే ఒప్పూ పెట్టలేం, తప్పూ పెట్టలేం అంటున్నా. ప్రశ్నే తీసేయాలి.

పెన్నాగట్టు:
సరే అక్కా. పీ53, టీఎన్‌ఎఫ్ పేపర్లు రెండూ ప్రింట్ తీసుకుని రేపు సార్ దగ్గరికి పోతా. డాక్టర్ గారూ, గొర్రెది కూడా పంపండి.

గొర్రెలడాక్టర్:
పంపిస్తా. మార్కు వస్తే పొట్టేలు నీ ఖర్చు.