మోకాళ్లు అరిగినవారు బరువు తగ్గడం ఎలా? నడక మానాలా, కొనసాగించాలా?

ప్రశ్న: గట్టుమీద_టీచర్ (రాజమహేంద్రవరం)

అందరికీ నమస్కారం. నా వయస్సు 57 సంవత్సరాలు. ముప్పై ఏళ్లకు పైగా బల్ల ముందు నిలబడి పాఠాలు చెప్పాను, ఇంకా చెబుతున్నాను. ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు. రెండు మోకాళ్లలోనూ అరుగుదల ఉన్నదని, ఎడమ మోకాలిలో అది మూడో దశకు చేరిందని ఎక్స్‌రే చూసిన ఎముకల వైద్యులు చెప్పారు. "పది కిలోలు తగ్గి రండమ్మా, ఆపరేషన్ సంగతి అప్పుడు చూద్దాం" అన్నారు. ఎలా తగ్గాలో ఆయన చెప్పలేదు. బయట బెంచీల నిండా జనం ఉన్నారు కనుక నేనూ అడగలేదు.

ఆ మర్నాటి నుంచే గోదావరి గట్టు మీద తెల్లవారుజామున గంటసేపు నడవడం మొదలుపెట్టాను. తొమ్మిదో రోజుకు ఎడమ మోకాలి చిప్ప ఆనవాలు తెలియనంతగా వాచిపోయింది. నడక మానేశాను. తరువాతి రెండు నెలల్లో ఇంకో రెండు కిలోలు పెరిగాను. పైన రాసిన 84 అలా వచ్చినదే. గుజ్జు అరిగినవాళ్లు నడిస్తే మిగిలినది కూడా పోతుందని మా ఆడపడుచు అంటుంది. కూర్చుంటే కీళ్లు బిగుసుకుపోతాయని తోటి ఉపాధ్యాయిని అంటుంది. అన్నం తగ్గించి రాత్రిళ్లు చపాతీలు తింటున్నా ముల్లు కదలడం లేదు. మధుమేహం లేదు, రక్తపోటుకు మాత్ర వేసుకుంటాను, నొప్పి ఎక్కువైన రోజున మందుల దుకాణంలో అడిగి డైక్లోఫెనాక్ తెచ్చుకుంటాను. ఇంట్లో మేమిద్దరమే. ఈ దారిలో నడిచినవారు ఎవరైనా ఉంటే చెప్పగలరు.

జవాబు 1: పోపులడబ్బా (కాకినాడ)

అక్కయ్యగారూ, మీ కథలో పేరు మారిస్తే అది నా కథే. నేను 79 కిలోల నుంచి 68కి రావడానికి పధ్నాలుగు నెలలు పట్టింది. అందులో మొదటి ఐదు నెలలు నేను వీధిలో నడవనే లేదు, కనుక మీకు ముందుగా చెప్పవలసినది ఇదే: కిలోలు తగ్గేది వంటింట్లో, గట్టు మీద కాదు.

నాకు ఈ సంగతి తెలిసిన తీరు కాస్త నవ్వు తెప్పించేదే. నేను కూడా అన్నం మానేసి చపాతీలు పట్టుకున్నాను. ఒకరోజు మా అమ్మాయి చపాతీలు కాల్చే నూనె గిన్నెను వంటకు ముందొకసారి, తరువాత ఒకసారి తూకం వేసింది. ఆరు చపాతీలకు, పక్కన బంగాళాదుంపల వేపుడుకు కలిపి తొంభై గ్రాములు ఖర్చయింది. తిన్నది ఇద్దరమే. అంటే అన్నం మానిన పుణ్యమంతా పెనం మీదే ఆవిరైపోయింది.

మీరు ఈ నెల ఖాళీ చేసిన నూనె ప్యాకెట్లు లెక్కపెట్టండి. ఇద్దరికి నెలకు నాలుగు లీటర్లు అయితే మనిషికి రోజుకు అరవై గ్రాములు. గ్రాముకు తొమ్మిది కిలోకేలరీల చొప్పున 540. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2,000 కిలోకేలరీల రోజువారీ పళ్లెంలో చూపించే నూనె సుమారు 27 గ్రాములే. మోకాలు పట్టుకుని అరగంట మెల్లగా నడిస్తే ఖర్చయ్యేది దాదాపు ఒక పెద్ద చెంచాడు నూనెకు సమానం. ఆ చెంచా పోపులో పడకుండా ఆపడం ఎంత తేలికో చూడండి.

నేను చేసినది పెద్ద విద్యేమీ కాదు. నెలకు రెండు లీటర్లు అని గీత గీసుకున్నాను. ప్రతి ఉదయం ఆ రోజు కోటాను చిన్న గిన్నెలోకి వంపుకుని, సీసాను పై అరలో పెట్టేదాన్ని. గిన్నె ఖాళీ అయితే ఆ రాత్రి పప్పుకు పొడి పోపే. గుత్తివంకాయ మాత్రం నూనె తేలకపోతే గుత్తివంకాయ కాదని మా వారు పట్టుబట్టారు, కనుక అది ఆదివారానికి మిగిలింది. అన్నం పూర్తిగా మానలేదు. పళ్లెంలో కూర, పప్పు ముందు వడ్డించుకుని మిగిలిన చోటులోనే అన్నం పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాను. ఉదయం ఇడ్లీల బదులు వారంలో నాలుగు రోజులు పెసరట్టు లేదా రెండు గుడ్లు. ఆవకాయ వదలలేదు, పైన తేలే నూనెను వదిలాను. అది వదలడం అన్నం వదలడం కంటే కష్టమైంది.

జవాబు 2: ఫిజియో_వరంగల్లు

అమ్మా, నేను పదహారేళ్లుగా ఫిజియోథెరపీ చేయిస్తున్నాను. మీ ఆడపడుచుగారి మాట తప్పని ముందుగా చెప్పాలి. కీలులోని మృదులాస్థికి సొంతంగా రక్తనాళాలు లేవు. కీలు కదిలి, నొక్కుకుని, వదులైనప్పుడే చుట్టూ ఉన్న జిగురు ద్రవం నుంచి దానికి పోషణ అందుతుంది. కదలని కీలు ఆ పోషణకు దూరమవుతుంది. అయితే అరవై నిమిషాల నడకను ఒక్కరోజులో తలకెత్తుకోవడమూ తప్పే. మీ మోకాలు వాచింది నడిచినందుకు కాదు, తొడ ముందు కండరం తగినంత బలపడకముందే అంతసేపు నడిచినందుకు. మెట్టు దిగేటప్పుడు, కుర్చీలో కూర్చునేటప్పుడు కుదుపును ఆపవలసినది ఆ కండరం. అది నీరసిస్తే ఆ పని కీలు మీద పడుతుంది.

కనుక నాలుగైదు వారాలు నడకను పది నిమిషాల చొప్పున రోజుకు రెండుసార్లకు, అదీ చదునైన నేల మీదికి కుదించండి. గట్టు మీది పలకలు ఎగుడుదిగుడుగా ఉంటే పాఠశాల ఆవరణే మేలు. దానితో పాటు మంచం మీద వెల్లకిలా పడుకుని, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దానిని మోకాలితో కిందికి నొక్కి ఐదు అంకెలు లెక్కపెట్టి వదలండి. ఒక్కో కాలికి పదిసార్లు. తరువాత ఒక మోకాలు ముడిచి, రెండో కాలిని తిన్నగా జానెడు ఎత్తుకు లేపి, అక్కడ కొద్దిసేపు ఆపి మెల్లగా దించండి. వారం గడిచాక కుర్చీ సాధన. భోజనాల బల్ల దగ్గరి కుర్చీ మీద గట్టి దిండు వేసి ఎత్తు పెంచి, చేతుల ఊతం వీలైనంత తగ్గిస్తూ లేచి కూర్చోవాలి. లేవడం కంటే కూర్చోవడం నెమ్మదిగా జరగాలి. చాలామంది సగం దూరం వరకు బాగానే వంగి, తరువాత ధబీమని కూలబడతారు. ఆ చివరి జానెడు దూరాన్ని అదుపులోకి తెచ్చుకున్నవారికి మెట్లు దిగడం సులువవుతుంది.

కొద్దిపాటి నొప్పికి భయపడవద్దు. చేస్తున్నప్పుడు ఓర్చుకోదగిన నొప్పి ఉండి, మరునాడు ఇదే వేళకు అది మామూలు స్థాయికి దిగితే మీరు చేసినది సరైన మోతాదే. మరునాటికి కూడా వాపు నిలిచి ఉంటే మోతాదు సగానికి దించాలి, మానవద్దు. మోకాలు వేడిగా, ఎర్రగా ఉండి జ్వరం వచ్చినా, కీలు ఒక్కసారిగా బిగుసుకుపోయినా, పిక్క వాచినా సాధన ఆపి వైద్యుని చూడాలి.

డైక్లోఫెనాక్ గురించి ఒక హెచ్చరిక చేయక తప్పదు. అది రక్తపోటును పెంచగలదు, కొన్ని రకాల రక్తపోటు మాత్రలతో కలిసినప్పుడు మూత్రపిండాలకు భారమవుతుంది, కడుపులో పుండ్లు కలిగించగలదు. దుకాణంలో అడిగి తెచ్చుకునే మందు కాదది. మీ వైద్యునితో మాట్లాడండి. మోకాలికి పూసుకునే రూపంలో అదే మందు దొరుకుతుంది, దానివల్ల రక్తంలో చేరేది చాలా తక్కువ.

కాకినాడ సోదరి చెప్పినదానికి ఒక చేర్పు. 2005లో అమెరికాలో మోకాళ్ల అరుగుదల ఉన్నవారి నడకను కొలిచి చూసినప్పుడు, శరీర బరువు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతున్నట్టు తేలింది. 2013లో వెలువడిన మరో పరిశోధనలో 454 మందిని పద్ధెనిమిది నెలలు గమనించారు. ఆహారం, వ్యాయామం రెండూ చేసినవారికి నొప్పి, కదలిక రెంటిలోనూ ఏదో ఒక్కటే చేసినవారి కంటే ఎక్కువ మేలు కలిగింది. అందుచేత బరువు వంటింట్లో తగ్గినా, తొడ బలం మాత్రం మంచం మీద, కుర్చీ మీద సంపాదించుకోవలసినదే. తిండి తగ్గించి వ్యాయామం మానితే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది, మోకాలికి ఉన్న ఆసరా పోతుంది.

జవాబు 3: డాలస్_అబ్బాయి

మా అమ్మ కిందటి వేసవిలో మా దగ్గర ఆరు నెలలు ఉన్నారు. అపార్ట్‌మెంటు ఈతకొలనులో చంకల లోతు నీళ్లలో అటూ ఇటూ నడవమని ఇక్కడి ఫిజియోథెరపిస్టు చెప్పారు. నడుము లోతు నీటిలో కాళ్ల మీద పడే బరువు సుమారు సగమవుతుంది, చంకల దాకా దిగితే మూడో వంతుకు చేరుతుంది. ఈత రానక్కరలేదు. ఈత దుస్తులు వేసుకోనని అమ్మ మొండికేస్తే, ఒంటికి పట్టే పొడవు చేతుల నైలాను దుస్తులు కొన్నాము. మొదటి రోజున గట్టు కమ్మీ వదలలేదు. నెల తిరిగేసరికి నీటిలో నలభై నిమిషాలు ఉండేవారు. రాజమండ్రిలో ఆడవారికి వేరుగా సమయం కేటాయించే కొలను ఉంటే విచారించి చూడండి. లేకపోతే కదలని సైకిలు తరువాతి మేలు. దాని సీటు మాత్రం ఎత్తుగా ఉండాలి, పెడలు కిందికి వచ్చినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగాలి.

జవాబు 4: సందేహాలరావు

వారానికొకసారి వేసుకునే బరువు ఇంజెక్షనుతో మోకాళ్ల నొప్పి కూడా పోతుందని అంటున్నారు. నిజమేనా? ఇంత కష్టం ఎందుకు మరి?

ఫిజియో_వరంగల్లు: రావుగారూ, పూర్తిగా అబద్ధం కాదు. ఊబకాయంతో పాటు మోకాళ్ల అరుగుదల ఉన్న 407 మందికి 68 వారాలు సెమాగ్లుటైడ్ (మీరన్న వారానికొకసారి వేసుకునే ఇంజెక్షను మందు) ఇచ్చిన పరిశోధన 2024లో వెలువడింది. మందు తీసుకున్నవారు సగటున 13.7 శాతం, ఉత్తుత్తి ఇంజెక్షను తీసుకున్నవారు 3.2 శాతం బరువు తగ్గారు. నొప్పి కూడా మొదటివారిలోనే ఎక్కువ తగ్గింది. కానీ రెండు వర్గాలవారికీ తిండి, వ్యాయామాల సలహా తోడుగా ఇచ్చారు. ఖరీదైన మందు, వాంతులు, మలబద్ధకం వంటివి ఉంటాయి, మానేస్తే బరువు తిరిగి పెరుగుతుంది. వైద్యుని పర్యవేక్షణలో తీసుకోవలసిన నిర్ణయమది. తొడ కండరాన్ని మాత్రం ఏ ఇంజెక్షనూ పెంచదు.

గట్టుమీద_టీచర్ (ఏడు వారాల తరువాత)

అందరికీ కృతజ్ఞతలు. ప్యాకెట్లు లెక్కపెట్టాను, మా ఇద్దరికి నాలుగున్నర లీటర్లు! ఇప్పుడు రెండుంబావు దగ్గర ఉన్నాము. బరువు 81. డైక్లోఫెనాక్ మాత్ర ఆపించి వైద్యులు పూత మందు రాశారు. కుర్చీ మీద దిండు తీసేశాను, కానీ ఎడమ కాలు ఇంకా వణుకుతుంది. తరగతిలో ఎత్తు స్టూలు వేయించుకున్నాను; పిల్లలు మొదటి రెండు రోజులు వింతగా చూసి తరువాత మరచిపోయారు.

ఒక సందేహం. మాఘమాసంలో మనవడి పుట్టువెంట్రుకలకు తిరుమల వెళుతున్నాము. శ్రీవారి మెట్టు దారిన ఎక్కుతానని ఎప్పుడో మొక్కుకున్నాను. అప్పటికి ఇంకో మూడు కిలోలు తగ్గితే ఎక్కవచ్చునా?

ఫిజియో_వరంగల్లు: అవి 2,388 మెట్లు తల్లీ. ఈ సంవత్సరం బస్సులో వెళ్లండి. మొక్కు తీరాలని మనసు ఒప్పుకోకపోతే, మీ కుటుంబంతో కలిసి మొదటి యాభై మెట్లు ఎక్కి దండం పెట్టుకోండి, కుడి కాలు ముందు పైకి వేస్తూ, చేతికర్ర కుడి చేతిలో పట్టుకుని. దిగేటప్పుడు ఎడమ కాలు ముందు దించాలి. అది ఇప్పటి నుంచే ఇంటి అరుగు మెట్ల మీద సాధన చేయండి.