‘అర్హత లేదు’ అంటే ఎవరికి?

సభ్యులకు నమస్కారం. అమెరికా అధ్యక్ష ఎన్నికల మీద వ్యాసం రాస్తూ ‘అభ్యర్థి అర్హతను ప్రశ్నించే అర్హత పిటిషనర్‌కు లేదని కోర్టు తేల్చింది’ అన్నాను. చదివినాయన ‘ఇంతకీ అర్హత లేనిది ఎవరికండీ?’ అని అడిగారు. ఫలానా మనిషికి కేసు వేసే వీలుందా అని చూసే ‘లోకస్ స్టాండై’కి వేరే మాట ఏదైనా ఉందా?

— విచారణార్హత. పేపర్లలో రోజూ చూసేదే కదండీ.

— అది పిటిషన్‌కు ఉండేది మాస్టారూ. గడువు దాటాక వేసినా విచారణార్హత లేదనే అంటారు. ఇక్కడ అడిగేది మనిషిని, మధ్యలో నీకేం పట్టిందని. 2008లో ఫిలిప్ బెర్గ్ అనే లాయరు, ఒబామా అమెరికాలో పుట్టలేదు కాబట్టి అధ్యక్షుడయ్యే అర్హత లేదంటూ ఫిలడెల్ఫియా ఫెడరల్ కోర్టుకెక్కారు. ఒబామా ఎక్కడ పుట్టారన్న దాకా కోర్టు పోనేలేదు. నువ్వు చెప్పే నష్టం ప్రతి ఓటరుకూ ఉన్నదే, నీకంటూ విడిగా తగిలిన దెబ్బ ఏదీ అని కొట్టేసింది. ‘తగుదునమ్మా అని వచ్చాడు’ అంటామే, ఆ విసుగే ఇది. తీర్పులో అలా రాయలేరు గానీ! పోటీదారుకైతే ఆ దెబ్బ ఉందనొచ్చు. కానీ ఆ ఎన్నికల్లో పోటీ చేసిన అలన్ కీస్ తదితరులు దావా వేసింది 2009 జనవరి 20న, ఒబామా ప్రమాణం చేసేశాక. అప్పటికి పోటీ ఎక్కడిది పొమ్మంది అప్పీలు కోర్టు, 2011లో.

— మన దగ్గర ఈ దెబ్బల లెక్క లేదు, చట్టమే తలలు లెక్కపెట్టింది. రాష్ట్రపతి ఎన్నికపై సుప్రీంకోర్టుకు వెళ్లాలంటే అభ్యర్థి అయినా అయ్యుండాలి, ఓటున్న ఎంపీలు, ఎమ్మెల్యేలు కనీసం 20 మంది అయినా కలిసి రావాలి. 1977లో మన నీలం సంజీవరెడ్డి ఏకగ్రీవంగా ఎన్నికైతే చరణ్‌లాల్ సాహు సవాలు చేశారు. నామినేషన్‌కు అప్పటి చట్టం అడిగిన 10 మంది ప్రతిపాదకులు, 10 మంది బలపరిచేవాళ్లు ఆయనకు లేరు. కాబట్టి అభ్యర్థే కాదు, పిటిషన్ వేసే వీలూ లేదు. 2012లో ప్రణబ్ ముఖర్జీపై వెళ్లిన సంగ్మాకు ఆ చిక్కు లేదు, ఆయన పోటీ చేసినవారే. అయినా పూర్తి విచారణ అక్కర్లేదని 3–2 తేడాతో కొట్టేశారు. మనిషి సంగతి వేరు, పిటిషన్ సంగతి వేరు అనడానికి ఇంతకంటే ఏం కావాలి?

— అయితే ‘దావా హక్కు’ అనేస్తాను. అభ్యర్థికి అర్హత, పిటిషనర్‌కు హక్కు.

— ‘దావా వేసే హక్కు’ అని విడదీసి రాయండి. కలిపి రాస్తే ఆస్తి తగాదా అనుకుంటారు.