ఆరున్నర నిమిషాల రచన, లేబుల్ పెట్టిన మూడు షరతులు: దేనికి ఒప్పుకోవాలి?

ప్రశ్న

నేను 11 ఏళ్లుగా ఇంట్లోనే వాద్యసంగీతం రికార్డు చేస్తున్నాను. ఈమధ్య పూర్తిచేసిన ఒక రచన ఆరున్నర నిమిషాలు ఉంటుంది. మొదటి 40 సెకన్లలో చెల్లో మీద ఒకే ఒక్క స్వరం, విల్లు చాలా నెమ్మదిగా కదులుతుండగా వినిపిస్తుంది; ఆ స్వరం వెనుక వాదకురాలి ఊపిరి కూడా సన్నగా వినబడుతుంది. ఆ ఊపిరి సహజంగా పలికేవరకు 9 టేకులు తీసుకున్నాం. ఒక చిన్న లేబుల్, అంటే రికార్డుల సంస్థ, దీన్ని విడుదల చేస్తామని ముందుకు వచ్చి మూడు షరతులు పెట్టింది. మొత్తం 3 నిమిషాలకు కుదించాలి, తాళం 5వ సెకనుకే మొదలవ్వాలి, మాస్టరింగ్‌లో (విడుదలకు ముందు చేసే చివరి శబ్ద సవరణలో) శబ్దస్థాయి బాగా పెంచాలి. వారు మర్యాదగానే అడిగారు, వారి ఇబ్బందులూ నాకు అర్థమవుతున్నాయి. అయినా ఇందులో ఏది సర్దుబాటు, ఏది నా సంగీతాన్ని నాది కాకుండా చేసే మార్పు అన్నది తేల్చుకోలేకపోతున్నాను. ఈ పనిలో అనుభవం ఉన్నవారు మీ అభిప్రాయం చెప్పగలరు.

మొదటి సమాధానం

మూడు షరతులనూ ఒకే గాటన కట్టకండి. మిక్సింగ్, మాస్టరింగ్ నా జీవనోపాధి కాబట్టి మూడోదానితో మొదలుపెడతాను. అది కళకూ వ్యాపారానికీ మధ్య తగాదా కానే కాదు, కాలం చెల్లిన అలవాటు మాత్రమే. సీడీల రోజుల్లో, ముఖ్యంగా 1990ల నుంచి, పక్క పాటకంటే తమ పాట గట్టిగా వినిపించాలని అందరూ పోటీపడ్డారు. డిజిటల్ శబ్దానికి దాటరాని గరిష్ఠ స్థాయి ఒకటి ఉంటుంది కనుక, లిమిటర్‌తో (ఒక స్థాయిని దాటనివ్వని సాధనంతో) శబ్దం ఎగిసిపడే శిఖరాలను నరికి, మిగిలినదంతా పైకి లేపేవారు. డ్రమ్ము మీద దెబ్బ పడిన క్షణంలో ఒక పదును ఉంటుంది చూడండి, మొట్టమొదట పోయేది అదే.

ఇప్పుడు ఆ పోటీ వల్ల ఒరిగేది చాలా తక్కువ. శబ్దం చెవికి ఎంత గట్టిగా తోస్తుందో కొలిచే ప్రమాణాన్ని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2006లో తెచ్చింది; ఆ కొలత ఆధారంగానే స్ట్రీమింగ్ సేవలు పాటలను ఒక స్థాయికి తెచ్చి వినిపిస్తున్నాయి. స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో ఆ స్థాయి మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (ఆ కొలతకు వాడే యూనిట్; సున్నాకు దగ్గరయ్యేకొద్దీ శబ్దం గట్టిది). మీరు మైనస్ 7 దగ్గర మాస్టర్ చేసి ఇస్తే వారు 7 డెసిబెల్స్ తగ్గించేస్తారు. శిఖరాలు ముందే పోయాయి కనుక, ఎత్తుపల్లాలు మిగుల్చుకున్న పాట పక్కన మీది నీరసంగా వినిపిస్తుంది. ఆ సెట్టింగ్‌ను ఆపేసుకునే శ్రోతలు కొందరు ఉంటారన్నది నిజమే, కానీ వారి కోసం అందరికీ చెడగొట్టనక్కరలేదు. పైగా మీ విషయంలో ఇంకో నష్టం ఉంది. గట్టిగా కంప్రెస్ చేస్తే, అంటే పెద్ద శబ్దాలకూ చిన్న శబ్దాలకూ మధ్య తేడా తగ్గించేస్తే, ఆ 40 సెకన్లలో స్వరమూ ఊపిరీ దాదాపు సమానమైపోతాయి. ఇప్పుడు మనిషి ఉనికిలా ఉన్న ఊపిరి అప్పుడు రికార్డింగ్ లోపంలా వినబడుతుంది. రెండు మాస్టర్లు తయారుచేసి, రెండింటినీ ఒకే స్థాయికి తెచ్చి, ఏది ఏదో చెప్పకుండా లేబుల్ వారికి వినిపించండి. వాదన అక్కర్లేకుండానే ఈ షరతు చాలావరకు తేలిపోతుంది.

మిగిలిన రెండింటికీ కారణం ఒకటే. స్పాటిఫైలో 30 సెకన్లు దాటితేనే ఒక వినికిడి లెక్కలోకి వస్తుంది, దాటాక పాట 3 నిమిషాలైనా 6 నిమిషాలైనా లెక్క ఒకటే. వారు అడుగుతున్నది ఆ 30 సెకన్ల గురించి. దాన్ని మీరు కళాత్మక సలహాగా తీసుకోవలసిన పని లేదు, అలాగని అవమానంగానూ తీసుకోకండి.

రెండో సమాధానం

నిడివి విషయంలో మీరు కొంచెం పట్టు సడలించి చూడాలని నా అభిప్రాయం. గాయని గౌహర్ జాన్ గారు 1902లో కలకత్తాలో గ్రామఫోన్ కోసం పాడినప్పుడు, గంటసేపు విస్తరించగల రాగాన్ని సుమారు 3 నిమిషాల్లో ముగించి, చివర తన పేరు కూడా చెప్పవలసి వచ్చింది. ఆ హద్దును విధించింది రికార్డు పరిమాణమూ అమ్మకమే. ఆ హద్దులోనే ఆమె ఒక కొత్త రూపాన్ని సాధించారు.

ఆస్ట్రియా స్వరకర్త హైడన్ ఉదంతం ఇంకా ఆలోచింపజేస్తుంది. ఆయన 1761లో ఎస్టర్‌హాజీ సంస్థానంలో కొలువుకు చేరినప్పటి ఒప్పందం ప్రకారం ఆయన రాసిన సంగీతమంతా ప్రభువుదే. ఆ తర్వాత పెత్తనానికి వచ్చిన నికొలాస్ ప్రభువుకు బారిటన్ అనే అరుదైన తీగవాద్యం మీద మక్కువ ఉండటంతో, హైడన్ దానికోసమే 120కి పైగా త్రయాలు రాయవలసి వచ్చింది. 1779లో కొత్త ఒప్పందం కుదిరాకే తన రచనలను ప్రచురణకర్తలకు అమ్ముకునే హక్కు ఆయనకు దక్కింది. అంటే ఒక్క మనిషి అభిరుచికి కట్టుబడిన స్వరకర్తకు వేలమంది శ్రోతల వైపు దారి తెరిచింది సంగీత విపణి. వ్యాపారం అనగానే కళకు శత్రువని అనుకునేవారు ఈ మాటను కాస్త ఆలోచించాలి. మీ లేబుల్ కోరికలోనూ అలాంటి తలుపు ఉండవచ్చు. ఒకసారి 3 నిమిషాల రూపం తయారుచేసి వినండి, ఏది పోయిందో, ఏది పోయినా లోటు తెలియడం లేదో మీ చెవులే చెబుతాయి.

మూడో సమాధానం

పైన రాసినవారి పట్ల గౌరవంతోనే విభేదిస్తున్నాను. హైడన్‌కు జీతం ఉంది, చేతికింద వాద్యబృందం ఉంది. ప్రశ్న అడిగినవారికి రెండూ లేవు. 2024 నుంచి స్పాటిఫైలో 12 నెలల్లో 1,000 వినికిడులు కూడా రాని ట్రాకుకు రికార్డింగ్ రాయల్టీయే లెక్కకట్టరు. ఇలాంటి చోట రచనను సగానికి నరికినా చేతికి వచ్చేది ఏమీ ఉండకపోవచ్చు. నిలిచిన పేర్లను చూసి హద్దులు మేలు చేశాయంటున్నాం, ఆ హద్దుల్లో ఇమడక రికార్డే కాని సంగీతం మన లెక్కలోకి రావడం లేదు.

పైగా మార్కెట్ తన అవసరానికి గీసిన గీతలే తర్వాత సంగీతరీతుల పేర్లుగా స్థిరపడతాయి. అమెరికాలో నల్లజాతివారికి అమ్మే రికార్డులను ‘రేస్ రికార్డులు’ అనేవారు. బిల్‌బోర్డ్ పత్రిక 1949లో ఆ జాబితా పేరును ‘రిథమ్ అండ్ బ్లూస్’గా మార్చింది. అది మొదట కొనుగోలుదారుల విభజన, స్వరాల విభజన కాదు. దీనికి ఎదురు ఉదాహరణ రోలాండ్ సంస్థ 1980లో తెచ్చిన టీఆర్-808 డ్రమ్ మెషీన్. దాని శబ్దాలు అసలైన డ్రమ్ముల్లా లేవని చాలామంది పెదవి విరిచారు, సుమారు 12,000 యంత్రాలతో 1983లో తయారీ ఆగిపోయింది. ఆ తర్వాత సెకండ్‌హ్యాండ్‌లో చవకగా దొరకడంతో డబ్బులేని యువకులు కొనుక్కుని, ఎవరికీ నచ్చని ఆ లోతైన, సాగే బేస్ డ్రమ్ము మీదే హిప్‌హాప్‌నూ టెక్నోనూ నిలబెట్టారు. అమ్మకాల లెక్కలు అప్పటికే దాన్ని కొట్టిపారేశాయి. మీ 40 సెకన్ల గురించి ఇప్పుడు చెబుతున్నదీ అలాంటి లెక్కే. కుదించాలని మీకే అనిపిస్తే కుదించండి, 30 సెకన్ల కోసం మాత్రం వద్దు.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. రెండు మాస్టర్లను ఒకే స్థాయికి తెచ్చి వినిపించాను. లేబుల్‌లో విన్న ఇద్దరూ కంప్రెస్ చేయనిదాన్నే ఎంచుకున్నారు, కాబట్టి మూడో షరతు తొలగిపోయింది. 3 నిమిషాల రూపం కూడా తయారుచేశాను. అది నాకు అస్సలు నచ్చలేదు, కానీ దాన్ని కోస్తున్నప్పుడు ఒక విషయం బయటపడింది. నాలుగో నిమిషంలో పియానో తిరిగి వచ్చే భాగాన్ని, వాయించిన రోజు జ్ఞాపకం మీద మమకారంతో ఉంచానే తప్ప, రచనకు దాని అవసరం లేదు. అది తీసేశాక నిడివి 5 నిమిషాల 10 సెకన్లకు వచ్చింది. ఈ కోతకు లేబుల్ కారణమా, నేనా అన్నది ఇప్పుడు నాకే స్పష్టంగా లేదు.

ఆరంభాన్ని మాత్రం మార్చలేదు. తాళం 41వ సెకనులోనే వస్తుంది. ఆ మాట ఉత్తరంలో ముందే రాసి, ఫైలు నిన్న రాత్రి పంపించాను. వారి జవాబు రాగానే ఇక్కడ తెలియజేస్తాను.