వాగు గట్టున రివర్ కేన్ నాటవచ్చునా?

గట్టుమీద చెట్టు (ఉత్తర జార్జియా):
మా స్థలం వెనుక ఉన్న చిన్న వాగు గట్టు ప్రతి వానకూ కోసుకుపోతున్నందున అక్కడ వెదురు నాటాలని అనుకుంటున్నాను. ఆసియా నుండి వచ్చిన గోల్డెన్ బాంబూ ఇరుగుపొరుగు స్థలాల్లోకి చొరబడుతుందని అందరూ హెచ్చరించడంతో, అమెరికాకే చెందిన రివర్ కేన్ వైపు మొగ్గుతున్నాను. ఇది కూడా అలాగే పాకుతుందా? దీనివల్ల పక్షులకు, ఇతర ప్రాణులకు నిజంగా మేలు కలుగుతుందా?

మొలక:
పాకుతుందండీ. ఇదీ భూగర్భ కాండాలతో వ్యాపించే జాతే, కాకపోతే మొదటి కొన్నేళ్లు చాలా నెమ్మదిగా సాగుతుంది. మీ గట్టుకు కావలసినదీ ఆ అల్లికే: అది మట్టిని పట్టి ఉంచడమే కాక, పొలాల నుండి కొట్టుకువచ్చే ఒండ్రును, నైట్రేట్లను వాగులోకి చేరకుండా చాలావరకు అడ్డుకుంటుంది. రివర్ కేన్ వచ్చిపోయే వరదను తట్టుకుంటుంది గాని, ఎప్పుడూ నీరు నిలిచే నేలలో బతకదు కనుక గట్టు పైభాగాన నాటండి. చిత్తడి నేలైతే దీని దగ్గరి జాతి అయిన స్విచ్ కేన్ మేలు. దాని భూగర్భ కాండాల్లో గాలి ఆడే నాళాలుంటాయి. గింజల మీద ఆశ పెట్టుకోవద్దు. ఇది ఎన్నో ఏళ్లకు ఒకసారి పూస్తుంది, అప్పుడు కూడా గింజల్లో తాలే ఎక్కువ. స్థల యజమాని అనుమతితో తవ్విన భూగర్భ కాండం ముక్కలను, తడి ఆరకముందే నాటడం నమ్మదగిన పద్ధతి.

రెక్కల లెక్క:
మేలు సంగతి నేను చెబుతాను. క్రియోల్ పర్లీ ఐ, సదరన్ పర్లీ ఐ అనే సీతాకోకచిలుకల గొంగళిపురుగులకు ఈ వెదురు ఆకులే ఆహారం. స్వెయిన్‌సన్స్ వార్బ్లర్ అనే పిట్ట దట్టమైన కేన్ పొదల్లో గూడు కట్టి, కింద రాలిన ఆకుల్లో పురుగులను ఏరుకుంటుంది. చిత్తడి కుందేలు ఈ పిలకలను ఎంతగా కొరుకుతుందంటే, దానికి అక్కడివారు పెట్టిన మరో పేరు కేన్‌కట్టర్. ఒకప్పుడు ఆగ్నేయ రాష్ట్రాల నదీతీరాల్లో మైళ్ల కొద్దీ పరచుకున్న ఈ పొదలు సాగుకు, పశువుల మేతకు బలైపోయి, ఇప్పుడు సుమారు 2 శాతమే మిగిలాయని అంచనా. వీటిని ఆశ్రయించిన బాక్‌మన్స్ వార్బ్లర్ అనే మరో పిట్ట అంతరించినట్లు 2023లో అమెరికా ప్రభుత్వం నిర్ధారించింది. అమెరికా ఆదివాసులైన చెరోకీ ప్రజల బుట్టల అల్లికకూ ఈ వెదురే ఆధారం కనుక, కొరత వారినీ తాకింది.

అయితే కంచెలా ఒక వరుస నాటి స్వెయిన్‌సన్స్ వార్బ్లర్ కోసం ఎదురుచూడటం అత్యాశే. ఆ పిట్టకు విశాలమైన పొద కావాలి. వాగు పొడవునా పొరుగువారు కూడా నాటితే ఆశ ఉంటుంది.

గట్టుమీద చెట్టు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. నర్సరీలో అసలైనదాన్ని గుర్తుపట్టడం ఎలా?

మొలక:
కొమ్మ పుట్టిన కణుపుకు పైన కాండాన్ని వేలితో తడిమి చూడండి. గోల్డెన్ బాంబూకు అక్కడ గాడి తగులుతుంది. రివర్ కేన్ కాండం చాలావరకు గుండ్రంగా ఉంటుంది.