కోలాను ఎత్తుకుంటేనే ఆస్ట్రేలియా చూసినట్టా?

గోదావరి గట్టు:

మే నెలలో మేమిద్దరం మా వియ్యంకుల దంపతులతో కలిసి ఆస్ట్రేలియా వెళ్తున్నాం. అబ్బాయి, కోడలు సిడ్నీలో ఉంటారు. ఒపెరా హౌస్, హార్బర్ బ్రిడ్జ్ చూడటంలో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా జంతువుల దగ్గరే వచ్చింది. మా వియ్యపురాలు గారికి, చెట్ల మీద ఉండే బొచ్చు జంతువు కోలాను ఎత్తుకుని ఫోటో దిగాలని ఎన్నాళ్ళుగానో కోరిక. సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్‌లోనూ, మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియాలోనూ సందర్శకులు కోలాను ఎత్తుకోవడానికి అనుమతి లేదు కాబట్టి, అందుకోసం విమానమెక్కి క్వీన్స్‌లాండ్ లాంటి రాష్ట్రానికి వెళ్ళాలి. ఆ ఖర్చుతో మెల్‌బోర్న్ వెళ్ళి పెంగ్విన్లను చూడటం మేలని, కోలాను ఎత్తుకోవడం అసలు మంచి పని కాదని మా అబ్బాయి అంటున్నాడు. ఇంత దూరం వెళ్ళి, మరే దేశంలోనూ అడవుల్లో కనిపించని జంతువును దూరం నుంచి చూసి రావడమేమిటని ఆవిడ వాదన. ఎవరి మాట సబబో అక్కడ ఉంటున్నవారు చెప్పగలరని అడుగుతున్నాను.

యర్రా ఒడ్డు:

మీ అబ్బాయి మాటే సబబు. కోలా తినేది యూకలిప్టస్ ఆకు. అందులో పోషకాలు బహు తక్కువ, పైగా విషపదార్థాలుంటాయి. ఆ ఆకును అరిగించుకోవడానికే ఒంట్లోని శక్తి ఎంతో ఖర్చవుతుంది గనుక ఆ జీవి రోజుకు ఇంచుమించు 20 గంటలు నిద్రలోనో విశ్రాంతిలోనో గడుపుతుంది. వరుసలో నిలబడిన కొత్త మనుషుల చేతుల్లోకి మారుతూ కదలకుండా ఉన్నంత మాత్రాన అది హాయిగా ఉన్నట్టు కాదు. క్వీన్స్‌లాండ్‌లోని బ్రిస్బేన్‌లో 1927 నుంచి నడుస్తున్న లోన్ పైన్ కోలా సంరక్షణ కేంద్రానికి జనం ప్రధానంగా వెళ్ళిందే ఈ ఫోటో కోసం. అటువంటి సంస్థే 2024లో ఆ పద్ధతికి స్వస్తి చెప్పి, కోలాకు దగ్గరగా నిలబడి చూసే ఏర్పాటుకు మారింది.

ఇక పెంగ్విన్ల సంగతి. ఫిలిప్ ఐలండ్ మెల్‌బోర్న్‌కు దాదాపు 140 కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడ ఉండే లిటిల్ పెంగ్విన్ పెంగ్విన్ జాతులన్నిటిలోకీ చిన్నది. ఎత్తు జానెడున్నర, బరువు కిలో. పగలంతా సముద్రంలో వేటాడి, పొద్దుగూకాక ఒడ్డుకు వస్తాయి. మొదట అలల అంచున నాలుగైదు తెల్లని పొట్టలు కనిపిస్తాయి. అవి కాసేపు నిలబడి, ఏదో అనుమానం వచ్చినట్టు మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళిపోతాయి. వెనక నుంచి ఇంకొన్ని వచ్చి కలిశాక, అన్నీ కలిసి ఇసుకను దాటి గడ్డిలోని బొరియల వైపు పరుగు తీస్తాయి. మనం చెక్కబాట మీద తిరిగి వెళ్తుంటే, పక్కనే గడ్డిలో ఒకదానికొకటి బొంగురు గొంతులతో అరుచుకుంటూ మనతోపాటే నడుస్తాయి. ఫోన్‌తో కూడా ఫోటో తీయనివ్వరు, ఎందుకంటే వెలుతురు పడితే అవి బెదిరి దారి తప్పుతాయి. ఫోటో లేకపోవడం లోటని మొదట అనిపించినా, అందరూ చేతులు ముడుచుకుని కళ్ళతో చూసే చోటు ఇప్పుడు ఇంకెక్కడ దొరుకుతుంది?

ఆ తీరంలోని సమ్మర్‌లాండ్‌లో ఒకప్పుడు ఇళ్ళ కాలనీ ఉండేది. కుక్కలు, కార్లు, నక్కల వల్ల పెంగ్విన్లు మిగలవని తేలాక, విక్టోరియా ప్రభుత్వం 1985లో మొదలుపెట్టి 2010 నాటికి ఆ ఇళ్ళన్నిటినీ యజమానుల దగ్గర కొని తొలగించింది. ఒక పక్షి కోసం ఒక కాలనీనే ఖాళీ చేయించిన చోటును చూడటానికి టికెట్ డబ్బులు ఇవ్వడం నాకు ఎంతో సంతోషం.

మోర్టన్ తీరం:

నేను క్వీన్స్‌లాండ్‌లోనే ఉంటాను. యర్రా ఒడ్డు గారు చెప్పింది వింటే, ఇక్కడ కోలాలను ఉదయం నుంచి సాయంత్రం దాకా చేతులు మారుస్తున్నారని చదివినవారు అనుకుంటారు. ఇక్కడి నిబంధనల ప్రకారం ఒక్కో కోలాను రోజుకు 30 నిమిషాలకు మించి ఎవరికీ ఇవ్వకూడదు, మధ్యమధ్య దానికి సెలవు రోజులు కూడా ఉండాలి. అవి సంరక్షణలోనే పుట్టి, చిన్నప్పటి నుంచి మనుషులకు అలవాటుపడినవి. అడవిలోని కోలాతో వాటిని పోల్చడం సరికాదు.

అసలు విషయం వేరే ఉంది. 2022 ఫిబ్రవరిలో కోలాను అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాలో చేర్చినప్పుడు, ఆ జాబితాలోకి వచ్చినవి క్వీన్స్‌లాండ్ కోలాలు మాత్రమే కాదు; ఎత్తుకోవడాన్ని ఎప్పుడో నిషేధించిన న్యూ సౌత్ వేల్స్ కోలాలు కూడా. కోలాలను చంపుతున్నది నరికేసిన చెట్లు, 2019-20 నాటి కార్చిచ్చులు, రోడ్ల మీది కార్లు, పెంపుడు కుక్కలు, క్లమీడియా జబ్బు. ఒక పెద్దావిడ రెండు నిమిషాలు ఎత్తుకోవడం వల్ల ఒక్క కోలా కూడా చనిపోలేదు. ఆస్ట్రేలియా జూ పక్కనున్న వన్యప్రాణుల ఆసుపత్రిలో కార్ల కింద పడిన కోలాలకు కట్లు కట్టి బతికిస్తున్నారు. అటువంటి పనులు జరగాలంటే సందర్శకుల డబ్బు, అంతకంటే ముందు వారి ప్రేమ కావాలి. చేతుల్లో బరువుగా కూర్చున్న ప్రాణి మీద కలిగే ప్రేమ, చెట్టు చివర బూడిదరంగు ముద్దలా కనిపించే ప్రాణి మీద అంత సులువుగా కలగదు. కోలాను ఎత్తుకుంటే తప్పయినప్పుడు, పార్కుల్లో కంగారూలకు చేత్తో మేత పెట్టడం ఎందుకు ఒప్పయిందో కూడా మీరే చెప్పాలి.

ఇల్లవారా దారి:

ఈ వాదనలో సిడ్నీని మరిచిపోతున్నారు. గోదావరి గట్టు గారూ, మీరెలాగూ సిడ్నీ దగ్గరి హెలెన్స్‌బర్గ్‌లోని వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్తారు. ఆ ఊళ్ళోనే సింబియో వన్యప్రాణి పార్కు ఉంది, కోలాలను దగ్గరగా చూడవచ్చు. పక్కనే 1879లో ఏర్పాటైన రాయల్ నేషనల్ పార్కు ఉంది. మూడూ ఒక్క రోజులో అవుతాయి. సిడ్నీ రేవు సర్క్యులర్ కీ నుంచి ఫెర్రీలో టరొంగా జూకి వెళ్తే ఒపెరా హౌస్, బ్రిడ్జ్ రెండూ నీళ్ళ మీద నుంచి కనిపిస్తాయి, అయితే అక్కడ జిరాఫీల దగ్గర పొద్దు గడపకుండా నేరుగా ఈ దేశపు జంతువుల వైపు నడవమని నా సలహా.

టికెట్ లేకుండా చూసేవి కూడా ఉన్నాయి. చిలుక జాతికి చెందిన పసుపు కుచ్చు తెల్ల కాకటూలు దక్షిణ సిడ్నీలో చెత్తడబ్బా మూతను ముక్కుతో పైకెత్తి, దాన్ని వదలకుండా డబ్బా అంచు మీద అడుగులో అడుగు వేస్తూ వెనక్కి నడిచి, మూతను అవతలికి తిరగేస్తాయి. ఒకదాన్ని చూసి ఒకటి ఈ విద్య నేర్చుకుంటూ పేట నుంచి పేటకు పాకించాయని పరిశోధకులు 2021లో తేల్చారు. మీ అబ్బాయి ఇంటి వీధిలోనే మీ వియ్యపురాలు గారికి ఆ దృశ్యం దొరకవచ్చు.

యర్రా ఒడ్డు:

మోర్టన్ తీరం గారు కోలాల క్షీణతకు చెప్పిన కారణాలన్నీ నిజమే, వాటిలో ఒక్కదాన్నీ నేను కాదనను. కానీ నా అభ్యంతరం జాతి గురించి కాదు, ఆ చేతుల్లో ఉన్న ఒక్క కోలా గురించి. కంగారూ విషయానికొస్తే, దానికి మేత ఇష్టం లేకపోతే గెంతి అవతలికి పోతుంది. దగ్గరికి రావాలో వద్దో దాని ఇష్టానికే వదిలేస్తున్నాం. ఎత్తుకున్న కోలాకు అవతలికి పోయే వీలు లేదు. నేను గీత గీసేది అక్కడే.

గోదావరి గట్టు గారికి ఒక మాట. డిసెంబరులో ఇక్కడ సూర్యాస్తమయం రాత్రి ఎనిమిదిన్నర దాటాకే, కాబట్టి పెంగ్విన్లను చూసి ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి అవుతుంది. మే నెలలో అయిదుంబావు ప్రాంతంలోనే పొద్దుపోతుంది, పెద్దవాళ్ళను తీసుకువెళ్ళడానికి అదే అనువైన కాలం. సముద్రపు గాలి మాత్రం ఎముకలు కొరికేస్తుంది. శాలువా చాలదు, మంచి కోటు, టోపీ ఉండాలి. తిరుగు ప్రయాణంలో కారు తీసే ముందు కింద వంగి చూడమని అక్కడ బోర్డులుంటాయి, చక్రాల దగ్గర పెంగ్విన్లు నిలబడి ఉండే అవకాశం నిజంగానే ఉంది.

మోర్టన్ తీరం:

పార్కులోని కంగారూ గెంతి పోయేది కంచె దాకానే కదండీ. బోనులో ఉంచడాన్ని ఒప్పుకుని, ఎత్తుకోవడాన్ని మాత్రమే తప్పనడం నాకు ఇంకా మింగుడుపడటం లేదు. మెల్‌బోర్న్ దగ్గరి హీల్స్‌విల్ వన్యప్రాణి కేంద్రంలో 1943లో తొలిసారి సంరక్షణలో ప్లాటిపస్ (బాతు ముక్కుతో, గుడ్లు పెట్టే క్షీరదం) పిల్లను పుట్టించగలిగారంటే, దాన్ని పట్టి తెచ్చి, తొట్టిలో పెట్టి, చేతులతో సాకారు కాబట్టే. ఆ ప్లాటిపస్‌ను మాత్రం దాని ఇష్టం అడిగే తెచ్చారా?