"దింపు మాది" అన్నాడా, "తెంపు మాది" అన్నాడా?

రాజోలు వాసి:
సభ్యులందరికీ నమస్కారం. పోయిన ఆదివారం సఖినేటిపల్లి రేవులో ఏరు దాటించే పంటు కోసం నిలబడి ఉండగా, పక్కన మోటారు సైకిలు మీద కూర్చున్న ఇద్దరు కుర్రవాళ్ళ ఫోనులో ఒక ర్యాప్ పాట రెండుసార్లు వినిపించింది. సినిమాల దాకా వెళ్ళాలన్న పట్టుదలతో మన లంకల కుర్రవాళ్ళు ఈ మధ్య వరుసగా విడుదల చేస్తున్న పాటల్లో అదొకటని వాళ్ళే చెప్పారు. పంటు నరసాపురం గట్టు చేరేలోగా ఈ రెండు పాదాలు నా నోటికి పట్టేశాయి.

ఊరు చివర లంక మాది, ఉప్పు గాలి పాట రా
తీరు మాది ఏటి తీరు, దింపు మాది చూసుకో

నాకు "దింపు" అనే వినిపించింది, అంటే కొబ్బరి చెట్టెక్కి కాయలు కోసి దించడం. ఇంటికి వచ్చి పాడి వినిపిస్తే, అది "తెంపు" అనీ, ర్యాప్ పాటలో కొబ్బరికాయల గొడవ ఎందుకుంటుందనీ మా అమ్మాయి నవ్వింది. పాట కింద సాహిత్యం ఇవ్వలేదు. సరిగ్గా ఆ అక్షరం మీదే పెద్ద డ్రమ్ము దెబ్బ పడుతుండడంతో చెవికి యంత్రాలు పెట్టుకుని విన్నా హల్లు తేలడం లేదు. పెద్దలు చెప్పాలి.

పాలకొల్లు పంతులు:
అయ్యా, మీరు తెలిసి అడిగారో తెలియక అడిగారో గానీ, అవి రెండూ ఉత్సాహ అనే మన పాత ఛందస్సులో నిక్కమైన పాదాలు. మూడేసి మాత్రల సూర్యగణాలు ఏడు, చివర రెండు మాత్రల గురువు, ప్రాసస్థానంలో అంటే పాదం రెండో అక్షరంగా రేఫ (ర), మొదటి పాదంలో మొదటి గణం "ఊరు"కు ఐదో గణం "ఉప్పు"తో యతి, అంటే తొలి అక్షరాల పొత్తు, అన్నీ అమిరాయి. ఇక ఛందస్సే తేల్చేస్తుందని కాగితం ముందు పెట్టుకున్నాను. తీరా చూస్తే రెండో పాదంలో "తీ"కి "దిం" కుదురుతుంది, "తెం" కూడా కుదురుతుంది. త, దలకు మైత్రి ఎలాగూ ఉన్నదే. ఈ, ఇ, ఎ మూడూ ఒక గూటి పక్షులే. గణం చూద్దామంటే రెండు మాటలూ ఒక గురువు, ఒక లఘువు ఉన్న హగణాలే. యతి, గణం రెండూ ఒకేసారి చేతులెత్తేసిన చోటు నా నలభై ఏళ్ళ బోధనలో తగల్లేదు. అయినా నా చెవి "దింపు" వైపే మొగ్గుతోంది.

భీమవరం భాషాభిమాని:
పంతులుగారి లెక్కను కాదనను గానీ, చెవి మొగ్గడం ప్రమాణం కాదు. దిగు ధాతువుకు దించు, దింపు ఎలాగో, తెగు ధాతువుకు తెంచు, తెంపు అలాగే. ఆ తెంపుకే నిఘంటువుల్లో సాహసమన్న అర్థం స్థిరపడి ఉంది. తెంపరి అన్న మాట అందులోంచి వచ్చిందే, తెగువ దానికి చుట్టమే. ఏటి తీరు మాది అని గొప్ప చెప్పుకున్నవాడు వెంటనే సాహసం మాది అంటాడు గానీ, కాయలు దింపుకోవడం మాది అంటాడా? పైగా ఈ కుర్రవాళ్ళు ఎదురు చూస్తున్నది హైదరాబాదు సినిమావాళ్ళ పిలుపు కోసం. అక్కడివాళ్ళకు అర్థం కాని మాటను పాట ఆయువుపట్టులో పెట్టుకుంటారని నేను అనుకోను.

అంబాజీపేట వర్తకుడు:
కాయలు దింపుకోవడాన్ని అంత తేలిగ్గా తీసేయకండి, భీమవరం గారూ. కొబ్బరి మీద బతికే మాకు నెలన్నరకో రెండు నెలలకో వచ్చే దింపు చిన్న విషయం కాదు. దింపు కూలీ వేరు, ఒలుపు కూలీ వేరు, ఆ రోజు పెరట్లో పరిచిన కాయల రాశిని బట్టే ఇంట్లో అప్పుల లెక్క తేలుతుంది. అయితే అసలు చిక్కు అక్షరం దగ్గర కాదు, "మాది" దగ్గర ఉందని నాకు తోస్తోంది. తోట గలవాడు "ఎల్లుండి మా దింపు" అంటాడు, అంటే తన తోట వంతు వచ్చిందని. చెట్టెక్కేవాడు ఆ మాట అలా అనడు. ఈ పాటలో ముందున్న చరణం విన్నారా? అయ్య అరికాలి కాయల మీద చేయి వేసి నిద్రపోయిన పిల్లవాడి సంగతి అందులో వస్తుంది. చెట్లెక్కి అరికాళ్ళకు అలా కాయలు కాసేది తోట గలవాడికి కాదు. చెట్టూ మీదే, గెలా మీదే, దింపు మాత్రం మాది అని ఆ కుర్రవాడు అంటున్నట్టయితే, అందులో మీరు చెప్పిన తెంపు కూడా ఇమిడి ఉన్నట్టే కదా.

రాజోలు వాసి:
ఆ చరణం నేను పంటు మోత మధ్య జారవిడుచుకున్నాను. మా ఇంట్లో "మా దింపు" అన్న మాట తోట గలవాళ్ళ మాటగానే విని పెరిగాను గనుక, "మాది" కూలివాడి నోట ఎలా పలుకుతుందో ఇంతవరకు ఆలోచించలేదు. పంతులుగారు దీని మీద ఏమంటారు?

కడియం కవిభక్తుడు:
పంతులుగారు చెప్పేలోగా ఒక మాట. గొప్పలు చెప్పుకునే కవిత్వం మన గోదావరి గట్లకు నిన్న మొన్న వచ్చింది కాదు. 1870లో మా కడియంలో పుట్టిన చెళ్ళపిళ్ళవారూ, యండగండి దివాకర్లవారూ తిరుపతి వేంకట కవులుగా కలిసి ఊరూరా శతావధానాలు చేస్తూ, మీసాలు పెంచిన కవులేమిటని ఎవరో అంటే చెప్పిన మీసాల పద్యం అందరికీ నోటికి వచ్చినదే. గెలవగలిగితే గెలవండి, మీసాలు తీసి మీ కాళ్ళ దగ్గర తలలు పెడతామన్న ఆ సవాలులో ఉన్నది తెంపు కాక మరేమిటి? ఆ గాలి పీల్చి పెరిగిన కుర్రవాడు తెంపు అనే అంటాడు. మొక్కలు కొనడానికి నర్సరీలకు వచ్చేవాళ్ళకు కడియం పూల ఊరుగానే తెలుసు. ఆ ఊరి ఆశువు సంగతి మనమైనా మరిచిపోకూడదు.

ముమ్మిడివరం శ్రోత:
కడియం మాస్టారూ, చెళ్ళపిళ్ళవారంటే నాకూ గౌరవమే. కానీ హిప్‌హాప్‌కు దాని వంశవృక్షం దానికుంది. 1973 ఆగస్టు 11న న్యూయార్కులోని బ్రాంక్స్‌లో డీజే కూల్ హెర్క్ వాయించిన విందు నుంచి దాని పుట్టుకను లెక్కపెడతారు. నల్లజాతి పేదల వాడల్లో పుట్టిన ఆ పద్ధతిని మన కుర్రవాళ్ళు ఇష్టపడి నేర్చుకున్నారు. ప్రతిదానికీ అవధానంలో మూలం వెతికితే వాళ్ళు నేర్చుకున్నదానికి విలువ లేకుండా పోతుంది. ఇక అసలు మాటకు వస్తే, ఈ రంగంలో కొత్త పాటను విడుదల చేయడాన్ని డ్రాప్ అంటారు. తాళం ఒక్క క్షణం ఆగి, అంతకు రెట్టింపు బరువుతో మళ్ళీ పడే చోటును కూడా డ్రాప్ అనే అంటారు. మన పిల్లలు టీజరు దింపారు, పాట దింపారు అని రోజూ అనుకుంటూనే ఉంటారు. డ్రమ్ము దెబ్బ పడే అక్షరం మీదే ఆ మాట ఉందంటే అది దింపే: కాయల దింపు, పాట దింపు, తాళం దింపు మూడూ ఒక్క మాటలో పట్టాడు. హైదరాబాదుకు అర్థం కాదన్న బెంగ అక్కరలేదు. ర్యాపర్ రోల్ రైడా 2018లో బిగ్ బాస్ ఇంట్లోకి వెళ్ళింది హైదరాబాదు యాసతోనే గానీ దాన్ని చెరిపేసుకుని కాదు.

భీమవరం భాషాభిమాని:
అమ్మా, డ్రాప్‌కు దింపు అన్న ఊహ చమత్కారంగా ఉంది. అయితే రాసినవాడికి రాని ఆలోచనను మనం అతని ఖాతాలో జమ చేయడం కూడా పాత వ్యాఖ్యాతల రోగమే.

ముమ్మిడివరం శ్రోత:
ఆ రోగం తెంపుకూ అంటుకుంటుంది కదండీ. మీరు హైదరాబాదు కోసం తెంపు అంటున్నారు గానీ, బతుకమ్మకు పూలు తెంపుకొచ్చే ఊళ్ళలో తెంపు మాది అంటే పూలు కోసే వంతు మాదని అనుకుంటారు. అప్పుడు గొప్పల కోతకు బదులు పూల కోతే మిగులుతుంది.

పాలకొల్లు పంతులు:
ఇద్దరూ బాగా అన్నారు. రాజోలు వారు అడిగిన "మాది" సంగతి వ్యాకరణానికి అందేది కాదు, అంబాజీపేట వారికే వదిలేస్తున్నాను. నాకు ఆశ్చర్యం కలిగించిన సంగతి వేరే ఉంది. నిన్న మా మనవడిని పక్కన కూర్చోబెట్టుకుని తాళం లెక్క కట్టాను. దెబ్బకు మూడు మాత్రల చొప్పున నాలుగు దెబ్బలు ఒక ఆవృత్తం, అంటే తాళం ఒక చుట్టు. ఉత్సాహ పాదంలో ఏడు గణాలకు ఏడు దెబ్బలు, ఎనిమిదో దెబ్బలో గురువు, ఒక మాత్ర ఊపిరి. అంటే పాదానికి సరిగ్గా రెండు ఆవృత్తాలు. ఐదో గణం రెండో ఆవృత్తం మొదటి దెబ్బ మీదికి వస్తుంది. ఛందస్సు నియమాలు రాసిన మన లాక్షణికులు యతి పెట్టమన్నదీ అక్కడే, ఈ కుర్రవాడి పెద్ద డ్రమ్ము పడుతున్నదీ అక్కడే. అందుకే అక్షరం వినపడకుండా పోయింది. వీడు ఎక్కడో ఉత్సాహ నేర్చుకునే ఉంటాడని నా నమ్మకం.

అంబాజీపేట వర్తకుడు:
నేర్చుకోనక్కరలేదండీ. ఊళ్ళో జాతరకు డప్పు ముందు నడిచినవాడి కాలికి ఆ మూడు మాత్రలు వాటంతట అవే వస్తాయి.

కడియం కవిభక్తుడు:
మా ఇంట్లో మరో గొడవ మొదలైంది. దింపు అంటే అపశకునంగా ఉందని, శవయాత్రలో పాడెను దింపే దింపుడు కళ్ళం గుర్తుకు వస్తోందని మా ఆవిడ అంటోంది. అది కళ్ళమా, కల్లమా అన్నది ఎవరైనా తేల్చగలరా?

భీమవరం భాషాభిమాని:
దానికి వేరే చర్చ పెట్టండి, ఇక్కడ వద్దు. పంతులుగారికి ఒక చిన్న మనవి. మీరు ఉత్సాహ అన్నారు గనుక మూడో పాదం కోసం పాట మళ్ళీ విన్నాను. అది "పడవ మీద" అని మొదలవుతోంది. ప్రాసస్థానంలో రేఫ ఏది? దాని ముందు గురువు ఏది? నేర్చుకున్నవాడు మూడో పాదానికే మరిచిపోయాడంటారా?

పాలకొల్లు పంతులు:
అది "పడవ మీద" అయ్యే అవకాశం లేదు. "పారు పడవ మీద" అని ఉండాలి. మొదటి రెండు అక్షరాలూ డ్రమ్ము కింద పడి ఉంటాయి. మీరు దయచేసి ఇంకోసారి, ఈసారి కాస్త ధ్వని తగ్గించి వినండి.